ఇంగ్లండ్ బీచ్‌కి ఒకరోజు ట్రిప్: దారి ఖర్చు, చేతి ఖర్చు ముందే లెక్కేసుకోవడం ఎలా

వారాంతంలో ఎండ కాస్తుందని ఫోన్‌లో కనబడగానే వాట్సాప్ గ్రూపులో "బీచ్‌కి పోదామా?" అని ఒకరు అడుగుతారు. వెంటనే ఇంకొకరు "తలకెంత పడుతుంది?" అంటారు. అక్కడితో గ్రూపు చల్లబడుతుంది, ఎందుకంటే లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్నవాళ్ళకీ, ఉద్యోగాలు చేసుకుంటూ ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎక్కడికైనా తీసుకెళ్దామనుకునేవాళ్ళకీ పనికొచ్చేలా ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ ఎక్కువగా లండన్ నుంచి బ్రైటన్. పద్ధతి మాత్రం ఏ తీరానికైనా ఒకటే.

ఒక్క విషయం ముందే చెప్పాలి. రైలుకో కారుకో ఎంతవుతుందో ముందురోజు రాత్రే పెన్నీలతో సహా తెలుసుకోవచ్చు. నీళ్ళ పక్కకి చేరాక అయ్యే ఖర్చు అలా కాదు. దానికి హద్దు మీరే పెట్టుకోవాలి. చాలామంది టికెట్ మీద రెండు పౌండ్లు మిగల్చడానికి గంటసేపు వెతికి, అక్కడికెళ్ళాక పది నిమిషాల్లో ఇరవై పౌండ్లు వదిలేస్తారు.

ముందు ఏ తీరమో తేల్చుకోండి

లండన్ నుంచి బ్రైటన్‌కి రైల్లో సుమారు గంట. విక్టోరియా నుంచీ, లండన్ బ్రిడ్జ్, సెయింట్ పాంక్రాస్‌ల నుంచీ రైళ్ళుంటాయి. సౌతెండ్‌కి ఫెన్‌చర్చ్ స్ట్రీట్ నుంచి దాదాపు గంట. మార్గేట్‌కి సెయింట్ పాంక్రాస్ నుంచి గంటన్నర. బోర్న్‌మత్‌కి వాటర్లూ నుంచి రెండు గంటలు. మాంచెస్టర్ వాళ్ళకి బ్లాక్‌పూల్, లీడ్స్, యార్క్ వాళ్ళకి స్కార్‌బరో, విట్బీ, బర్మింగ్‌హామ్, బ్రిస్టల్ వాళ్ళకి వెస్టన్-సూపర్-మేర్ దగ్గర.

దూరం ఒక్కటే చూస్తే సరిపోదు. బ్రైటన్ తీరమంతా గులకరాళ్ళే. విశాఖ ఆర్కే బీచ్‌లో నడిచి అలవాటైన అమ్మానాన్నలు "ఇసుకేదిరా?" అని మొదటి నిమిషంలోనే అడుగుతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ రాళ్ళ మీద నడక కష్టం. పైగా స్టేషన్ నుంచి సముద్రం దాకా పావుగంట దిగుడు రోడ్డు, అంటే సాయంత్రం అలసిపోయి వచ్చేటప్పుడు అదే ఎక్కుడు. పసిపిల్లల బండి తోసుకెళ్ళేవాళ్ళకి, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేనైతే మార్గేట్ చెబుతాను. స్టేషన్ బయటికొస్తే రెండడుగుల్లో ఇసుక. బోర్న్‌మత్‌లో ఇసుక ఇంకా బాగుంటుంది కానీ రెండు గంటలు వెళ్ళాలి, రెండు గంటలు రావాలి. స్నేహితుల గుంపుకి మాత్రం బ్రైటనే సరి: పియర్ (సముద్రంలోకి కట్టిన పొడుగాటి వేదిక), సందుల్లో షాపులు, రాయల్ పెవిలియన్ అనే పాత రాజభవనం, 1883 నుంచి నడుస్తున్న వోక్స్ బుల్లి కరెంటు రైలు, అన్నీ నడిచే దూరంలోనే.

వెస్టన్‌కో సౌతెండ్‌కో వెళ్తే ఆటుపోట్ల వేళలు తప్పక చూడండి. వెస్టన్ ఉన్న బ్రిస్టల్ చానెల్‌లో పోటుకీ ఆటుకీ మధ్య తేడా ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. ఆటు వేళకి చేరితే సముద్రం ఎక్కడో దూరాన గీతలా కనిపిస్తుంది, మధ్యలో అంతా కాళ్ళు దిగబడే బురద. అందులోకి నడవడం ప్రమాదం కూడా.

తేదీ

మే మొదటి సోమవారం, మే చివరి సోమవారం, ఆగస్టు చివరి సోమవారం బ్యాంక్ హాలిడేలు, అంటే అందరికీ సెలవులు. ఎండ కాసిందంటే ఆ రోజుల్లో దేశమంతా తీరానికే వస్తుంది. జూలై చివరి నుంచి సెప్టెంబర్ మొదటి దాకా స్కూలు సెలవులు. బ్రైటన్‌లో ఆగస్టు మొదట్లో ఎల్‌జీబీటీ వాళ్ళ ప్రైడ్ పండగ జరుగుతుంది. దానికోసం వెళ్ళేవాళ్ళకి సంబరం, తెలియక వెళ్ళినవాళ్ళకి స్టేషన్ బయట పొడుగాటి క్యూ. మీకు కుదిరితే జూన్‌లో ఒక మామూలు రోజు లీవు పెట్టి, పొద్దున రద్దీ తగ్గాక బయలుదేరడం అన్నిటికంటే హాయి.

ఆదివారాలు పట్టాల మరమ్మతు పనులుంటాయి. రైలు బదులు బస్సు వేస్తారు, గంట ప్రయాణం రెండున్నర గంటలవుతుంది. అందుకే నేషనల్ రైల్ సైటులో వెళ్ళే దారే కాదు, తిరుగు దారి కూడా అదే తేదీ పెట్టి చూడండి. బస్సు గుర్తు కనబడితే ఆ వారం వదిలేయండి, లేదా తీరం మార్చేయండి.

ఎంతమంది, ఏ వయసు: టికెట్ ధర అంతా ఇక్కడే ఉంది

ఒకే రైల్లో ఒకే బోగీలో కూర్చున్న రెండు కుటుంబాలు రెండు రకాల ధర కట్టి ఉండొచ్చు. తేడా రైల్‌కార్డుది. ఏడాదికి 35 పౌండ్లు (2025 మార్చికి ముందు 30 ఉండేది). చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది.

పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డు. నలుగురు పెద్దలకీ నలుగురు పిల్లలకీ దాకా పనిచేస్తుంది. పెద్దలకి మూడో వంతు, 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకి పిల్లల టికెట్ మీద 60 శాతం తగ్గుతుంది. కార్డున్న మనిషీ, కనీసం ఒక పిల్లో పిల్లాడో ప్రయాణంలో ఉండాలి. అయిదేళ్ళ లోపు పిల్లలకి ఎలాగూ టికెట్ అక్కర్లేదు.

లెక్క చూద్దాం. మీరిద్దరూ, అమ్మానాన్న, ఎనిమిదేళ్ళ పాప. పెద్దలకి రానూపోనూ టికెట్ 24 పౌండ్లు అనుకోండి, పాపకి సగం, 12. కార్డు లేకపోతే 108 పౌండ్లు. కార్డుంటే పెద్దలకి 16 చొప్పున 64, పాపకి 4.80, మొత్తం 68.80. మిగిలింది 39.20. అంటే 35 పౌండ్ల కార్డు మొదటి ప్రయాణంలోనే గిట్టింది. ఏడాదిలో ఇంకెన్నిసార్లు వెళ్ళినా అదంతా లాభమే.

జంటగా తిరిగేవాళ్ళకి టూ టుగెదర్ ఉంది. కాకపోతే కార్డు మీదున్న ఇద్దరూ కలిసే వెళ్ళాలి. మామూలు రోజుల్లో పొద్దున 9:30 తర్వాతే చెల్లుతుంది. అమ్మానాన్నలకి అరవై దాటితే సీనియర్ రైల్‌కార్డు తీసుకోవచ్చు, వయసుకి రుజువుగా పాస్‌పోర్టు చాలు. వాళ్ళు రెండు మూడు నెలలుంటే, మధ్యలో ఒకట్రెండు దూర ప్రయాణాలుంటే ఆ డబ్బు వచ్చేస్తుంది. 26 దాటాక మాస్టర్స్‌కి వచ్చినవాళ్ళు 16-25 కార్డు తమకి రాదనుకుంటారు. ఫుల్‌టైమ్ విద్యార్థి అయితే ఆ వయసు దాటినా ఇస్తారు, యూనివర్సిటీ ధ్రువీకరణ కావాలి.

కార్డు ఏదీ లేని నలుగురు స్నేహితులా? అయితే గ్రూప్‌సేవ్ చూడండి. ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తే రద్దీ లేని వేళల టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. కార్డు కొనక్కర్లేదు. బ్రైటన్ వైపు నడిచే సదరన్‌తో సహా చాలా కంపెనీల్లో ఉంది. టికెట్ కొనేటప్పుడు ఆ ఆప్షన్ మీరే ఎంచుకోవాలి, దానంతటది రాదు. అందరూ ఒకే రైల్లో ఉండాలి. "మీరు పదండి, నేను తర్వాతి రైలుకొస్తా" అనే మిత్రుడు ప్రతి గుంపులో ఒకడుంటాడు, అతనికి ఈ సంగతి ముందే చెప్పండి.

టికెట్ ఎప్పుడు, ఎక్కడ కొనాలి

లండన్ నుంచి బ్రైటన్ లాంటి దగ్గరి దూరాలకి ఆఫ్-పీక్ (రద్దీ లేని వేళల) టికెట్ ధర చివరి నిమిషం దాకా మారదు. నెల ముందు కొని, ఆ రోజు వాన పడితే ఏం చేయాలా అని టెన్షన్ పడక్కర్లేదు. ముందురోజు సాయంత్రం వాతావరణం చూసుకుని కొనండి. దూర ప్రయాణాలకి మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా. లండన్ నుంచి బ్లాక్‌పూల్‌కో స్కార్‌బరోకో వెళ్ళాలంటే అడ్వాన్స్ టికెట్లు వారాల ముందు కొంటేనే చవక. అవి ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి, డబ్బు వెనక్కి రాదు.

కొన్ని టికెట్ యాప్‌లు బుకింగ్ ఫీజు వేస్తాయి. రైలు కంపెనీల సొంత యాప్‌లలో, స్టేషన్ మెషీన్లలో ఆ ఫీజు ఉండదు, టికెట్ అదే.

బ్రైటన్ టికెట్లలో థేమ్స్‌లింక్ అనే కంపెనీ రైళ్ళకే చెల్లేవి కొంచెం చవకగా దొరుకుతాయి. అది కొని విక్టోరియాలో కనబడ్డ రైలెక్కేస్తే చెల్లదు. లండన్‌లో తిరిగే ఆయిస్టర్ కార్డు కూడా బ్రైటన్ దాకా పనిచేయదు. సరైన టికెట్ లేకుండా దొరికితే ఇంగ్లండ్‌లో పెనాల్టీ ఫేర్ 100 పౌండ్లు, దానికి తోడు టికెట్ డబ్బు. 21 రోజుల్లో కడితే ఆ నూరు యాభై అవుతుంది. రైల్‌కార్డు చూపించలేకపోయినా చిక్కే. టికెట్టూ కార్డూ రెండూ ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి పవర్ బ్యాంక్ పెట్టుకోండి. పొద్దంతా ఫొటోలు తీసి సాయంత్రానికి చార్జింగ్ ఒకటో రెండో శాతం మీద నిలబడే ఫోన్లు ఎక్కువ.

పెద్దవాళ్ళకి మెట్లు, రైలెక్కడం కష్టమైతే ప్యాసింజర్ అసిస్ట్ అని ఉచిత సాయం ఉంది. ప్రయాణానికి రెండు గంటల ముందు దాకా బుక్ చేయొచ్చు. మనవాళ్ళు మొహమాటపడి వాడుకోరు. వాడుకోండి.

డబ్బే ముఖ్యం, సమయం కాదనుకుంటే విక్టోరియా కోచ్ స్టేషన్ నుంచి నేషనల్ ఎక్స్‌ప్రెస్, ఫ్లిక్స్‌బస్ కోచ్‌లున్నాయి (ఇక్కడ కోచ్ అంటే దూరప్రయాణాల బస్సు). ఎండ రోజున దక్షిణానికి వెళ్ళే రోడ్డు కార్లతో నిండిపోతుంది, కోచ్ కూడా అందులోనే ఉంటుంది.

కారులో అయితే

అయిదుగురు, సామాను, పసిపిల్లలు ఉంటే కారే నయం అనిపించడం సహజం. ఇండియా లైసెన్సుతో విజిటర్లు 12 నెలల దాకా నడపొచ్చు. ఇక్కడ స్థిరపడినవాళ్ళకి కూడా వచ్చిన రోజు నుంచి 12 నెలలే, ఆ తర్వాత ఇక్కడి లైసెన్సు కావాలి. అద్దె కారు అయితే 25 ఏళ్ళ లోపు డ్రైవరుకి అదనంగా వేస్తారు, అది లెక్కలో కలపండి.

కారు లెక్కలో అందరూ మర్చిపోయేది పార్కింగ్. తీరం పక్క పార్కింగ్ ఒకరోజుకి అయ్యే డబ్బు కొన్ని ఊళ్ళలో పెట్రోలుకంటే ఎక్కువ. విట్బీ, స్కార్‌బరోలలో ఊరి బయట కారు పెట్టి బస్సులో వెళ్ళే పార్క్ అండ్ రైడ్ ఉంది. వేసవిలో అక్కడ వీధులు వెతుక్కుంటూ తిరగడం కంటే అదే మేలు. కెమెరాలతో నడిచే ప్రైవేటు పార్కింగ్‌లలో మీరు లోపలికొచ్చిన నిమిషం నుంచి లెక్క మొదలు, టికెట్ కొన్న నిమిషం నుంచి కాదు. పెట్రోలు మోటార్‌వే సర్వీసుల్లో కాకుండా బయలుదేరే ముందు సూపర్‌మార్కెట్ బంకులో నింపండి, లీటరుకి బాగానే తేడా ఉంటుంది.

ఎసెక్స్ వైపు నుంచి మార్గేట్‌కి వెళ్తే డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ దాటాలి. అక్కడ టోల్ గేటు ఉండదు, ఆపరు, ఫాస్టాగ్ లాంటిదేదీ బీప్ మనదు. కెమెరా నంబరు ప్లేటు చూసుకుంటుంది. మర్నాడు అర్ధరాత్రి లోపు డార్ట్ చార్జ్ అనే ఆ టోలు మీరే ఆన్‌లైన్‌లో కట్టాలి. కట్టకపోతే జరిమానా ఇంటికొస్తుంది. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి.

ఊళ్ళో తిరగడానికి బస్సే

ఇంగ్లండ్‌లో చాలా లోకల్ బస్సుల్లో ఒకవైపు టికెట్ 3 పౌండ్లకి మించకూడదని 2025 జనవరి నుంచి హద్దు పెట్టారు, అంతకు ముందు 2 ఉండేది. ఇది చిన్న దూరాలకే అనుకోకండి. బ్రైటన్ నుంచి 12 నంబరు కోస్టర్ బస్సు సెవెన్ సిస్టర్స్ సుద్దకొండల మీదుగా ఈస్ట్‌బోర్న్ దాకా వెళ్తుంది. పైడెక్‌లో ముందు సీటు దొరికితే ఆ డబ్బుకి ఇంతకంటే మంచి దృశ్యం కొనలేరు. యార్క్‌షైర్‌లో లీడ్స్ నుంచి యార్క్ మీదుగా విట్బీకి వెళ్ళే 840 కోస్ట్‌లైనర్ కూడా అలాంటిదే. గంటలకొద్దీ పడుతుంది, కానీ దారే ట్రిప్పు.

ఇక చేతి ఖర్చు

అమ్మానాన్న, మీరు, పాప లెక్కనే తీసుకుందాం. తిండికి 40, ఆటలకి 25, ఐస్‌క్రీములకి 15, బస్సులు, టాయిలెట్లు వగైరా 10, అనుకోని అవసరానికి 20. మొత్తం 110 పౌండ్లు. రైలుతో కలిపి 178.80. మీ ఇంట్లో అంకెలు వేరు కావొచ్చు, కానీ విడివిడిగా రాసుకోవడం ముఖ్యం. "చేతి ఖర్చుకి ఓ వంద" అని ఒకే ముద్దగా పెట్టుకుంటే మధ్యాహ్నం రెండింటికల్లా ఆటల దగ్గరే అయిపోతుంది.

ఆటల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పియర్ మీద, రోడ్డు పక్కన ఆర్కేడ్లలో 2 పెన్నీల నాణేలు తోసే మెషీన్లుంటాయి. నాణెం వేస్తే ముందు వరస నాణేలు కింద పడతాయేమో అన్న ఆశే ఆట. పిల్లలకంటే తాతయ్యలే అక్కడ నుంచి కదలరు. అయిదు పౌండ్లు మారిస్తే 250 నాణేలొస్తాయి, ఒక కప్పు నిండుతుంది, ముప్పావుగంట గడుస్తుంది. ఇది నిజంగా చవకైన సరదా. పక్కనే ఉండే బొమ్మలు పట్టుకునే గోరు మెషీన్ దీనికి పూర్తిగా వేరు. ఒక్కసారికే పౌండో, ఇంకా ఎక్కువో, బొమ్మ రాదు, పిల్లాడు ఏడుస్తాడు. "కప్పు అయిపోతే ఆట అయిపోయినట్టే" అని లోపలికి అడుగు పెట్టే ముందే చెప్పండి. మెషీన్ దగ్గర చెప్తే వినరు.

పియర్ మీద రైడ్లు రెండు మూడే ఎక్కేటట్టయితే విడిగా కొనండి. పిల్లలు పొద్దంతా ఎక్కేవాళ్ళయితే రిస్ట్‌బ్యాండ్ (ఒకేసారి కొని చేతికి కట్టుకునే రైడ్ల పాసు) చూడండి. బ్రైటన్ పియర్‌కి 2024 నుంచి ఊరి బయటివాళ్ళకి చిన్న ప్రవేశ రుసుము కూడా మొదలైంది. బ్లాక్‌పూల్‌లో ఇసుక మీద గాడిద సవారీ ఉంటుంది. శుక్రవారం వెళ్ళి గాడిదలేవీ అని వెతక్కండి, అక్కడ వాటికి శుక్రవారం సెలవు.

కార్డు తడుతూ పోతే ఎంత అయిందో ఎవరికీ గుర్తుండదు. మోంజో లాంటి బ్యాంకు యాప్‌లో ఆ రోజు డబ్బుని విడిగా ఒక పాట్‌లో (ఖాతాలోనే వేరు చేసి పెట్టే భాగం) వేసి దాన్ని మించకుండా ఖర్చు చేయండి. లేదా ఆటల డబ్బు, ఐస్‌క్రీం డబ్బు నోట్లుగా తీసి రెండు కవర్లలో పెట్టండి. ఎలాగూ గాడిదల దగ్గర, కొన్ని టాయిలెట్ల దగ్గర చిల్లర కావాలి. నోట్లు మాత్రం ఇంటి దగ్గర బ్యాంకు ఏటీఎంలో తీయండి. ఆర్కేడ్లలో, చిన్న షాపుల్లో ఉండే మెషీన్లు తీసిన ప్రతిసారీ ఫీజు వేస్తాయి, ఆ మాట తెర మీద రాసే ఉంటుంది.

అమ్మానాన్నల ఇండియా కార్డు వాడితే, మెషీన్ "రూపాయల్లోనా, పౌండ్లలోనా" అని అడగొచ్చు. పౌండ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మెషీన్ వాడు చెప్పిందే అవుతుంది. ఇంకో సంగతి, ఎవరో చుట్టాలు పాత ట్రిప్పులో మిగిలాయని ఇచ్చిన కాగితం పౌండ్ నోట్లు షాపుల్లో చెల్లవు. 20, 50 పౌండ్ల కాగితం నోట్లు 2022 సెప్టెంబర్ 30తో ఆగిపోయాయి, 5, 10 అంతకు ముందే. పారేయకండి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వాటిని ఇప్పటికీ మార్చి ఇస్తుంది.

తిండి

పొద్దున పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి. ఇది పొదుపు కోసం మాత్రమే కాదు. చల్లగాలిలో ఆకలి ఎక్కువ వేస్తుంది, తీరం దగ్గర శాకాహారం వెతకడం విసుగు. ఒక పూట ఇంటి తిండి, ఒక పూట అక్కడి తిండి అనుకుంటే అయిదుగురికి 40 పౌండ్లలో లాగొచ్చు.

ఫిష్ అండ్ చిప్స్ ఒక ప్లేటు తీరం దగ్గర 12 నుంచి 16 పౌండ్ల మధ్య ఉంటుంది. లోపల కూర్చుని తింటే ఎక్కువ, కట్టించుకుని బెంచీ మీద తింటే తక్కువ. ఒక పెద్ద ప్లేటు ఇద్దరికి వస్తుంది. చేప విడిగా, చిప్స్ విడిగా కొంటే అమ్మకి చిప్స్, నాన్నకి చేప.

అయితే ఒకటి తప్పక అడగాలి. యార్క్‌షైర్ వైపు, అంటే విట్బీ, స్కార్‌బరోలలో చాలా షాపుల్లో బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో వేయిస్తారు. రుచికి అదే కారణమని బోర్డు మీద గర్వంగా రాసుకుంటారు కూడా. చిప్స్ శాకాహారమే కదా అని తీసుకుంటారు మనవాళ్ళు, అవీ ఆ కొవ్వులోనివే. బీఫ్ తిననివాళ్ళు, శాకాహారులు, హలాల్ చూసుకునేవాళ్ళు ఆర్డర్ ఇచ్చే ముందు "ఏ నూనెలో వేయిస్తారు?" అని అడగండి. ఎవరూ తప్పుగా అనుకోరు, రోజూ అడిగే ప్రశ్నే. దక్షిణాన ఎక్కువగా వెజిటబుల్ ఆయిలే, అయినా అడగడం మంచిది.

తింటున్నప్పుడు సీగల్స్ అనే సముద్రపు పక్షులు వెనక నుంచి వస్తాయి. గోడకి వీపు ఆనించి తినండి, లేకపోతే 14 పౌండ్ల చేప దానిదే. నీళ్ళ సీసా ఇంటి నుంచి తెచ్చుకోండి. చాప, గాలికి స్వెటర్ కూడా తెచ్చుకోండి. అక్కడ కొంటే రెట్టింపు.

తిరుగు ప్రయాణం

ఎండ రోజున సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా అందరూ ఒకేసారి లేస్తారు. నాలుగున్నరకి బయలుదేరండి, లేదా ఎనిమిది దాకా కూర్చోండి. వేసవిలో అప్పటికీ వెలుతురే ఉంటుంది, గుంపు పలచబడుతుంది. ఎనిమిది దాకా ఉండాలనుకుంటే చివరి రైలు ఎప్పుడో, మీ ఇంటికి దగ్గరి స్టేషన్‌కి ఆ తర్వాత బస్సుందో లేదో పొద్దున్నే చూసి పెట్టుకోండి. లేకపోతే ఆఖర్న క్యాబ్‌కి పోసే డబ్బు రైల్‌కార్డు మిగిల్చినదాన్ని మింగేస్తుంది.

రైలు ఆలస్యమైతే ఎన్ని నిమిషాలో రాసుకోండి. పదిహేను నిమిషాలు దాటితే చాలా కంపెనీలు డిలే రిపే కింద టికెట్ డబ్బులో కొంత వెనక్కిస్తాయి. ముప్పై దాటితే ఆ వైపు ఛార్జీలో సగం, గంట దాటితే ఆ వైపు మొత్తం. 28 రోజుల్లోగా కంపెనీ సైటులో అడగాలి. గ్రూప్‌సేవ్ మీద వెళ్ళినా వస్తుంది. టికెట్ ఫొటో ఎవరి ఫోన్‌లో ఉందో వాళ్ళే అడగాలి కాబట్టి ఆ రాత్రే గ్రూపులో లెక్క పెట్టేసి, వచ్చిన డబ్బు తర్వాత పంచుకోండి. కారులో వెళ్ళినవాళ్ళు పడుకునే ముందు డార్ట్ చార్జ్ కట్టేయండి.